పాత లాప్‌టాప్‌కు ఎస్.ఎస్.డి. వేయించే ముందు

ఈ మధ్య మన పల్లె సంఘములలో కూడా లాప్‌టాప్ కనబడే ఇళ్ళు ఎక్కువవుతున్నాయి. కొత్తది కొనే స్తోమత అందరికీ లేదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేసే అన్నయ్య తన పాతది తమ్ముడికి ఇస్తాడు. లేదా కంపెనీలు వాడి వదిలేసినవాటిని సికింద్రాబాదు షాపులలో బేరమాడి తెచ్చుకుంటారు. అమ్మాయి డిగ్రీ చదువుకు, అబ్బాయి ఉద్యోగపు దరఖాస్తులకు, ఆదివారము ఆరాధనలో పాటలు తెర మీద చూపించడానికి, అన్నిటికీ ఆ ఒక్కటే. కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. ఆ తరువాత బటన్ నొక్కి, టీ కాచుకొని త్రాగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రముగా తిరుగుతూనే ఉంటాయి.

అప్పుడు ఎవరో ఒకరు, "దాంట్లో ఎస్.ఎస్.డి. వేయించండి, పరుగెడుతుంది" అని సలహా ఇస్తారు. ఆ సలహా నిజమైనదే. పాత లాప్‌టాప్ మీద పెట్టే ఖర్చులలో ఇంత గుణమిచ్చేది మరొకటి లేదని నేను కూడా చెబుతాను. అయితే అది సగము సలహా మాత్రమే. ఏ ఎస్.ఎస్.డి. వేయించాలి అన్నది మిగిలిన సగము. ఎస్.ఎస్.డి. అనే పేరుతో బజారులో దొరికేవి ఒకదానికొకటి పొసగని నాలుగైదు రకాల వస్తువులు. కూలి డబ్బులో మిగిల్చి, ఫోనులో ఆర్డరు పెట్టి, ప్యాకెట్ విప్పిన తరువాత అది మన లాప్‌టాప్‌కు సరిపోదని తెలిస్తే చాలామంది వ్యాపారులు తిరిగి తీసుకోరు. పైగా 2025 రెండవ సగము నుండి మెమొరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కొనకముందే చూసుకోవలసిన సంగతులను ఈ వ్యాసములో కొంచెము ఓపికగా వ్రాస్తున్నాను. సంఘ కాపరికి ఈ గొడవెందుకని మీరు అనుకోవచ్చు. పల్లెటూరిలో ప్రొజెక్టరు ఉన్న ఇల్లు పాస్టరుగారి ఇల్లే గనుక, మొరాయించిన ప్రతి లాప్‌టాప్ చివరికి మా గడప దగ్గరికే వస్తుంది.

అసలు తేడా ఎక్కడ?

పాత లాప్‌టాప్‌లలో ఉండేది హార్డ్ డిస్కు. దానిలోపల అద్దములాంటి పళ్ళెములు తిరుగుతుంటాయి. లాప్‌టాప్‌లలో సాధారణముగా నిమిషానికి 5,400 చుట్లు. వాటిమీద చిన్న చెయ్యివంటిది ఇటూ అటూ కదిలి కావలసిన సమాచారమును వెతికి చదువుతుంది. ఈ పద్ధతి 1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొదలుపెట్టినది. ఆ మొదటి యంత్రములో 24 అంగుళాల పళ్ళెములు 50 ఉండేవి, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరములు. ఇప్పుడు మనము ఫోనులో తీసే రెండు ఫొటోలకు అది చాలదు. అంత చిన్నదైనా, ఇంత పెద్దదైనా పళ్ళెము తిరగాలి, చెయ్యి కదలాలి, ఇది మాత్రము మారలేదు.

ఎస్.ఎస్.డి.లో కదిలే భాగము ఒక్కటీ లేదు. అంతా చిప్‌లే. పెన్ డ్రైవులోనూ ఫోనులోనూ ఉండే ఫ్లాష్ మెమొరీ జాతిదే ఇది. జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా, ఆయన తోటివారు 1980లలో దీనిని రూపొందించారు.

విండోస్ తెరుచుకునేటప్పుడు ఒక పెద్ద పుస్తకము మొదటినుండి చివరివరకు చదివినట్టు చదవదు. వేలకొద్దీ చిన్న చిన్న కాగితములను ఒక్కొక్కటిగా వెతికి తెచ్చుకుంటుంది. 5,400 చుట్ల హార్డ్ డిస్కు సెకనుకు నూరు సార్లు కూడా వెతకలేదు. మామూలు ఎస్.ఎస్.డి. అయినా వేల సార్లు వెతుకుతుంది. కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే "సెకనుకు 7,000 మెగాబైట్లు" అనే అంకెను చూసి మనము ఆశపడనక్కరలేదు. ఉత్తరములు వ్రాసుకునే, పాటలు చూపించే ఇంటికి 550 మెగాబైట్లదానికీ 7,000దానికీ తేడా కంటికి పెద్దగా కనబడదు. హార్డ్ డిస్కు నుండి ఏ ఎస్.ఎస్.డి.కి మారినా తేడా మాత్రము మొదటి రోజే తెలుస్తుంది. అందుచేత ఎక్కువ వేగముది కొనడముకంటె మన లాప్‌టాప్‌కు సరిపోయేది కొనడమే ముఖ్యము.

ఆకారము ఒకటి, భాష ఒకటి

పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక వేసే సంగతి ప్రభువు ఉపమానముగా చెప్పినప్పుడు, వింటున్న ఇల్లాండ్రకు అది విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. గుడ్డ మంచిదే, వస్త్రము కూడా మంచిదే, రెండూ కలిస్తేనే చిక్కు. ఆ ఉపమానములోని ఆత్మీయ సత్యము వేరు, దానిని డిస్కుల దగ్గరికి లాగడము నా ఉద్దేశము కాదు. కాని అతుకువేసే ముందు రెండు వైపులా చూడాలి అన్న కుట్టుపనివారి జ్ఞానము ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది.

మొదట ఆకారము చూద్దాము. అన్నిటికంటె పాతది, సులువైనది 2.5 అంగుళాల రకము. జేబులో పెట్టుకునే కొత్త నిబంధన అంత ఉంటుంది. లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కు కూడా ఇదే కొలతలో ఉంటుంది గనుక దానిని తీసి దీనిని పెట్టడమే. మందము ఒక్కటి చూసుకోవాలి. పాత హార్డ్ డిస్కులు కొన్ని 9.5 మిల్లీమీటర్ల మందము, ఎస్.ఎస్.డి.లు సాధారణముగా 7 మిల్లీమీటర్లు. పలుచనిది మందపు చోటులో పడుతుంది, వదులుగా ఉంటే చుట్టూ చిన్న ప్లాస్టిక్ చట్రము పెడతారు. 2005కు ముందటి బాగా పాత లాప్‌టాప్‌లలో సూదులవంటి పళ్ళున్న వేరే రకము కనెక్టరు ఉండేది. వాటికి ఇవి తగలవు, వాటిమీద డబ్బు పెట్టవద్దు.

రెండవది ఎం-సాటా అనే చిన్న చదరపు కార్డు. ఇంచుమించు 2011 నుండి కొన్నేళ్ళు వచ్చిన లాప్‌టాప్‌లలో కనబడుతుంది. ఇప్పుడు అరుదు.

మూడవది ఎం.2. ఇప్పటి లాప్‌టాప్‌లన్నిటిలో ఎక్కువగా ఉండేది ఇదే, మనవాళ్ళు పొరబడేదీ దీని దగ్గరే. చూడటానికి పలుచని పట్టీలాగ ఉంటుంది. దానిమీద 2280 అని గాని 2242 అని గాని అంకె ఉంటుంది. అది మోడల్ నంబరు కాదు, కొలత. మొదటి రెండంకెలు వెడల్పు, అంటే 22 మిల్లీమీటర్లు, ఇంచుమించు రూపాయి బిళ్ళంత. మిగిలిన రెండంకెలు పొడవు, 80 మిల్లీమీటర్లు లేదా 42 మిల్లీమీటర్లు. 2230 అనే పొట్టిది కూడా ఉన్నది. 42 మిల్లీమీటర్ల చోటున్న లాప్‌టాప్‌కు 80ది తెస్తే పట్టదు. పొట్టిది తెచ్చి పొడవైన చోటులో పెడితే స్లాటులోకి దూరుతుంది గాని, రెండవ కొన బిగించే స్క్రూ చోటు అందదు.

ఇంతవరకు స్కేలుతో కొలుచుకోవచ్చు. భాష సంగతి స్కేలుకు అందదు. ఎం.2 పట్టీలలో రెండు జాతులున్నాయి. ఒకటి సాటా, హార్డ్ డిస్కు మాట్లాడే పాత భాషే మాట్లాడుతుంది. రెండవది ఎన్.వి.ఎం.ఇ., 2011లో వచ్చిన కొత్త భాష, చాలా వేగమైనది. రెండూ ఒకే వెడల్పు, ఒకే పొడవు, ఒకే ఆకుపచ్చ లేక నల్ల రంగు. పళ్ళ దగ్గర ఉండే గాట్లను బట్టి కొంత గుర్తుపట్టవచ్చు: సాటా పట్టీలకు ఎక్కువగా రెండు గాట్లు, ఎన్.వి.ఎం.ఇ. పట్టీలకు ఎక్కువగా ఒక్కటే గాటు. "ఎక్కువగా" అని రెండుసార్లు వ్రాశాను, గమనించండి. రెండు గాట్లున్న ఎన్.వి.ఎం.ఇ. పట్టీలు కూడా ఉన్నాయి. లాప్‌టాప్‌లోని స్లాటు కూడా అంతే. కొన్నిటికి సాటా మాత్రమే అర్థమవుతుంది, కొన్నిటికి ఎన్.వి.ఎం.ఇ. మాత్రమే, కొన్నిటికి రెండూ. స్లాటును చూసి ఏది అర్థమవుతుందో చెప్పలేము.

మా సంఘములో ఎరువుల షాపులో పనిచేసే ఒక యవనస్థుడు మూడు నెలలు కూడబెట్టి ఇటువంటి పట్టీ ఒకటి తెప్పించుకున్నాడు. చక్కగా కూర్చున్నది, స్క్రూ బిగిసింది. ఆన్ చేస్తే డిస్కు లేదని తెర మీద వచ్చింది. ఆ రాత్రే లాప్‌టాప్ పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, నా చేతితో నేనే పాడుచేశాను" అన్నాడు. ముఖములో నెత్తురు చుక్క లేదు. ఏమీ పాడు కాలేదు. స్లాటుకు సాటా తప్ప తెలియదు, అతను తెచ్చింది ఎన్.వి.ఎం.ఇ. పట్టీ. ఒకరు తెలుగులోనూ మరొకరు తమిళములోనూ మాట్లాడుకుంటున్నట్టు, ఇద్దరూ ఆరోగ్యముగానే ఉన్నారు. షాపువారు తీసుకోలేదు. రెండు వారములు తిరిగిన మీదట కొత్త లాప్‌టాప్ ఉన్న స్నేహితుడొకడు సగము ధరకు కొన్నాడు. మిగిలిన సగము అతనికి ఎన్ని రోజుల జీతమో నాకు తెలుసు గనుక ఆ లెక్క ఇక్కడ వ్రాయను.

ఒక మంచి సంగతి. ఒకే భాషలో పాత తరము, కొత్త తరము కలిసిపోతాయి. నాలుగవ తరము ఎన్.వి.ఎం.ఇ. పట్టీని మూడవ తరము స్లాటులో పెడితే పనిచేస్తుంది, స్లాటు వేగముతోనే నడుస్తుంది. సాటా కూడా అంతే. కాబట్టి తరము గురించి బెంగ వద్దు, జాతి గురించి చూసుకోండి.

ఒకే పేరు, మూడు రకములు

సెకండ్ హ్యాండులో మన ప్రాంతములకు ఎక్కువగా వచ్చే వాటిలో లెనోవో థింక్‌ప్యాడ్ టి వరుస ఒకటి. నల్లగా, గట్టిగా ఉంటాయి, మధ్యలో ఎర్రని బొడిపె ఉంటుంది. దూరము నుండి చూస్తే 2015 నాటిదీ 2019 నాటిదీ అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపల మాత్రము వేరు.

2015లో వచ్చిన టి450లో 2.5 అంగుళాల చోటు ఉన్నది, 7 మిల్లీమీటర్ల మందము, సాటా. హార్డ్ డిస్కు తీసి సాటా ఎస్.ఎస్.డి. పెడితే చాలు. దానిలోనే సిమ్ ఇంటర్నెట్ కార్డు కొరకు ఉంచిన చిన్న ఎం.2 స్లాటులో 2242 సాటా పట్టీ కూడా పడుతుంది. 2018 నాటి టి480కి వస్తే, ఆ 2.5 అంగుళాల చోటు అలాగే ఉన్నది. దానిలో సాటా డిస్కైనా పెట్టవచ్చు, లేదా వేరే తొడుగు, దానికి తగిన కేబుల్ ఉంటే 2280 ఎన్.వి.ఎం.ఇ. పట్టీ అయినా పెట్టవచ్చు. కాని ఆ చిన్న 2242 స్లాటు చూడండి: టి450లో సాటా మాట్లాడిన ఆ స్లాటే టి480లో ఎన్.వి.ఎం.ఇ. తప్ప మాట్లాడదు. అన్న లాప్‌టాప్‌లోని పట్టీ తీసి తమ్ముడిదానిలో పెడితే పనిచేయదు. ఇక 2019 నాటి టి490లో 2.5 అంగుళాల చోటే లేదు, 2280 పట్టీ పెట్టుకోవాలి.

కాబట్టి షాపులో "థింక్‌ప్యాడ్‌కు ఎస్.ఎస్.డి. ఇవ్వండి" అంటే చాలదు. ట్రాక్టరు సామాను కొట్టుకు వెళ్ళి "మహీంద్రాకు ఫిల్టరు ఇవ్వండి" అన్నట్టే అవుతుంది. మోడల్ చెప్పాలి, వీలైతే సంవత్సరము కూడా చెప్పాలి.

ఎలా తెలుసుకోవాలి

లాప్‌టాప్ తిరగవేసి అడుగున ఉన్న చీటీ చదవండి. పూర్తి మోడల్ పేరు, దాని ప్రక్కన ఉండే పొడవైన నంబరు రెండూ కాగితము మీద వ్రాసుకోండి. "ఇన్‌స్పిరాన్ 15" వంటి పేరు ఒక్కటే చాలదు, ఆ పేరుతో ఎన్నో ఏళ్ళుగా ఎన్నో వచ్చాయి. చీటీ అరిగిపోయి ఉంటే విండోస్ వెతుకు పెట్టెలో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని ఇంగ్లీషులో టైపు చేస్తే అక్కడ సిస్టమ్ మోడల్ అని కనబడుతుంది.

ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో సర్వీసు మాన్యువల్ వెతకండి. డెల్, హెచ్.పి., లెనోవో కంపెనీలు వీటిని ఉచితముగానే ఉంచుతాయి. అది వంద పేజీల పుస్తకమైనా భయపడవద్దు. "స్టోరేజ్" అనే మాట ఉన్న పేజీ చాలు. ఏ ఆకారము, ఎంత పొడవు, సాటాయా ఎన్.వి.ఎం.ఇ.యా అన్నది అక్కడ ఒకటి రెండు వరుసలలో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే డిగ్రీ చదివే పిల్లలచేత చదివించండి. కింగ్‌స్టన్ వంటి ఎస్.ఎస్.డి. కంపెనీల వెబ్‌సైటులలో కూడా లాప్‌టాప్ మోడల్ ఇస్తే సరిపోయేవాటిని చూపిస్తారు. దానిని రెండవ సాక్షిగా వాడుకోండి, మొదటి సాక్షి మాన్యువలే.

ఇప్పటికే లోపల ఏముందో చూడటానికి టాస్క్ మేనేజరు తెరిచి, పెర్ఫార్మెన్స్ అనే చోట డిస్క్ మీద నొక్కండి. హార్డ్ డిస్కో ఎస్.ఎస్.డి.యో అక్కడ వ్రాసి ఉంటుంది. ఇప్పటికే ఎస్.ఎస్.డి. ఉండి కూడా నెమ్మదిగా ఉంటే జబ్బు వేరే చోట ఉన్నట్టు, ఇంకొకటి కొనవద్దు. 4 జీబీ ర్యామ్‌తో ఒకేసారి పది కిటికీలు తెరిచే ఇంటిలో ర్యామ్ పెంచడమే ముందు చేయవలసిన పని కావచ్చు.

అన్నిటికంటె నమ్మకమైనది మూత విప్పి కళ్ళారా చూడటము. 2018 నుండి 2020 వరకు వచ్చిన లాప్‌టాప్‌లు చాలావాటిలో హార్డ్ డిస్కు ఉండగానే ప్రక్కన ఎం.2 స్లాటు ఖాళీగా ఉంటుంది. అది దేవుడిచ్చిన దీవెన అనుకోండి. హార్డ్ డిస్కు తీయనక్కరలేదు. విండోస్‌ను ఎం.2 పట్టీ మీద ఉంచి, ఫొటోలు, పాటలు పాతదాని మీదనే ఉంచుకోవచ్చు. కొన్నిటిలో ఆ స్లాటులో ఒక పట్టీ ముందే ఉండి, దాని మీద ఇంటెల్ ఆప్టేన్, 16 జీబీ అని కనబడుతుంది. అది ఎస్.ఎస్.డి. కాదు, హార్డ్ డిస్కుకు తోడుగా పెట్టిన సహాయకుడు. ముందు విండోస్‌లో దానిని ఆపివేసి ఆ తరువాతే తీయాలి. ఆపకుండా లాగితే విండోస్ తెరుచుకోకపోవచ్చు.

మూత విప్పినా మార్చడానికి వీలులేనివి కూడా ఉన్నాయి. 32 లేక 64 జీబీ అని వచ్చే చవక లాప్‌టాప్‌లలో ఎక్కువభాగము ఈ-ఎం.ఎం.సి. అనే చిప్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. ఇంకో స్లాటు లేకపోతే ఏమీ చేయలేము. ఆపిల్ కంపెనీ ఎం1, ఎం2 చిప్‌లతో తెచ్చిన మాక్‌బుక్‌లలోనూ అంతే. ఎవరైనా "చేసిస్తాము" అంటే ఆ మాట నమ్మి డబ్బు ఇవ్వకండి.

పాత లాప్‌టాప్‌లకు ఇంకొక ఇబ్బంది. ఎం.2 పట్టీని కనెక్టరులోకి మార్చే అడాప్టరులు అమ్ముతారు. 2014కు ముందటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్.వి.ఎం.ఇ. డిస్కు నుండి మొదలవడము తెలియదు. ఎలాగో తగిలించినా విండోస్ దానినుండి తెరుచుకోదు. అటువంటివాటికి 2.5 అంగుళాల సాటా రకమే శ్రేయస్కరము. కొత్త లాప్‌టాప్‌లకు దీనికి తిరుగుడు ఇబ్బంది ఒకటి ఉన్నది. ఇంటెల్ పదకొండవ తరము ప్రాసెసర్ మొదలుకొని చాలావాటిలో, కొత్త పట్టీ పెట్టి విండోస్ ఎక్కించబోతే డిస్కు ఏదీ కనబడటములేదని అంటుంది. పట్టీ మంచిదే. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరును పెన్ డ్రైవులో పెట్టి ఆ సమయములో చూపిస్తే కనబడుతుంది. ఇది తెలియక మంచి పట్టీని చెడిపోయిందని వెనక్కు పంపినవారున్నారు.

పెట్టుబడి దండుగ కాదా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సేవలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదవ తరమో ఆ పైదో ప్రాసెసర్ కావాలి. పైన చెప్పిన టి450కి ఆ అర్హత లేదు. టి480లలో ఎక్కువవాటికి ఉన్నది. ఎస్.ఎస్.డి. వేసినంత మాత్రాన ఈ అర్హత రాదు. కాబట్టి బ్యాంకు పనులు, చెల్లింపులు ఆ లాప్‌టాప్ మీదనే చేసేవారు ఇది ఆలోచించాలి. పాటలు చూపించడానికి, టైపు చేసుకోవడానికి, పిల్లల పాఠములకు అయితే ఉచితముగా దొరికే లినక్స్ ఎక్కించి టి450ని ఇంకా కొన్నేళ్ళు నడపవచ్చు, ఎస్.ఎస్.డి. మీద అది హాయిగా నడుస్తుంది. నా అభిప్రాయము అడిగితే, అటువంటి పాతవాటికి 2.5 అంగుళాల సాటాయే తీసుకోండి, 256 జీబీ చాలు. లాప్‌టాప్ పోయినా ఆ డిస్కు మరొక లాప్‌టాప్‌కో, యు.ఎస్.బి. డబ్బాలోకో పనికివస్తుంది.

256 అని కొన్నది విండోస్‌లో 238 అని కనబడుతుంది, 500 అన్నది 465 అని కనబడుతుంది. ఎవరూ మోసము చేయలేదు. కంపెనీ వేయితో లెక్కిస్తుంది, విండోస్ 1,024తో లెక్కిస్తుంది, అంతే. నిజమైన మోసము వేరే ఉన్నది: పెద్ద కంపెనీల ధరలో పదోవంతుకు 2 టీబీ ఇస్తామనేవారు. వాటిలో చిన్న మెమొరీ పెట్టి, పెద్దదిగా కనబడేట్టు చేసి అమ్ముతారు. నిండేవరకు తెలియదు. నిండిన తరువాత పాత ఫొటోలు చెడిపోవడము మొదలవుతుంది. మూడేళ్ళో ఐదేళ్ళో వారంటీ ఉన్నది, బిల్లుతో కొనండి.

పాత డిస్కును వదిలిపెట్టవద్దు

ఇది వ్రాయడానికే నేను ఈ వ్యాసము మొదలుపెట్టాను అనవచ్చు. షాపులో లాప్‌టాప్ ఇచ్చి సాయంత్రము వెళ్తాము. పరుగెడుతున్న లాప్‌టాప్ చూసి సంతోషించి డబ్బు ఇచ్చి వచ్చేస్తాము. పాత హార్డ్ డిస్కు అక్కడే ఉండిపోతుంది. దానిలో ఏమున్నది? ఆధార్ నకళ్ళు, బ్యాంకు పుస్తకము ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, సంఘములో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహముల రిజిస్టరు స్కాన్ చేసిన కాపీలు. ఒక తల్లికి, ప్రభువు నందు నిద్రించిన భర్త గొంతు ఉన్న ఒకే ఒక రికార్డింగు అటువంటి డిస్కులో ఉండటము నేను చూశాను. ఆమె కుమారుడు షాపుకు పరుగెత్తేసరికి అది ఇంకా బల్ల మీదనే ఉన్నది. మరునాడైతే వేరొకరి లాప్‌టాప్‌లో ఉండేది. కాబట్టి పని అప్పగించేటప్పుడే, "పాత డిస్కు నాకు తిరిగి ఇవ్వాలి, చెరపవద్దు" అని చెప్పండి. అది మీ సొత్తు.

ఇంటిలోనే మార్చుకునేవారు ముందుగా ముఖ్యమైనవాటిని వేరే చోటికి కాపీ చేసుకోండి, ఆ తరువాతే స్క్రూ డ్రైవరు పట్టుకోండి. పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించే పద్ధతిని క్లోనింగ్ అంటారు. యు.ఎస్.బి. కేబులు ఒకటి ఉంటే చాలు. కొత్తది చిన్నదైనా, పాతదానిలో నిండినంత మేర దానిలో పట్టితే సరిపోతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ తాళము వేసి ఉంటే దాని రికవరీ కీ ముందే వ్రాసుకొని ఉంచాలి. 48 అంకెలు ఉంటుంది. అది లేకుండా ఆ తాళము ఎవరూ తీయలేరు.

క్లోనింగ్ కాకుండా విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించేవారికి ఒక హెచ్చరిక. మన సంఘములలో పాటలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. కొత్త విండోస్‌లో ఆ ఫాంట్లు ఉండవు. ఆదివారము ఉదయము ఫైలు తెరిస్తే పల్లవి స్థానములో పిచ్చి గీతలు కనబడతాయి. శనివారమే ఫాంట్లు ఎక్కించి, ఒక పాట తెరిచి చూసుకోండి. విండోస్ లైసెన్సు గురించి భయము వద్దు. అది సక్రమమైనదైతే మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, అదే రకము ఎక్కిస్తే ఇంటర్నెట్ తగలగానే గుర్తుపడుతుంది.

బిగించేటప్పుడు కరెంటు తీగ తీయడముతోపాటు బ్యాటరీ కూడా తీయాలి, లోపలిదైతే దాని కనెక్టరు విడదీయాలి. థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1 నొక్కి సెట్టింగులలోనే లోపలి బ్యాటరీని ఆపే వీలున్నది. ఎం.2 పట్టీని ఏటవాలుగా దూర్చి, మెల్లగా క్రిందికి వంచి స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ వడ్లగింజంత ఉంటుంది, ఖాళీ స్లాటులకు ఒక్కోసారి అసలు ఉండదు, కొనేటప్పుడే అడిగి తీసుకోండి. లోహపు రెక్కలు అంటించిన మందపు పట్టీలు డెస్క్‌టాప్‌లకు, లాప్‌టాప్ మూత వాటితో మూసుకోదు.

హార్డ్ డిస్కు చెడిపోబోయేముందు సాధారణముగా కటకటమని శబ్దము చేసి కొంత హెచ్చరిస్తుంది. ఎస్.ఎస్.డి. నిశ్శబ్దముగా పోతుంది, పోయినదానినుండి తిరిగి తీయడము కూడా ఎక్కువ కష్టము. చాలాకాలము కరెంటు తగలకుండా బీరువాలో ఉంచితే, బాగా అరిగిన ఎస్.ఎస్.డి.లోని సమాచారము చెదిరిపోయే అవకాశమూ ఉన్నది. అందుచేత దాచిపెట్టే పనికి తీసివేసిన ఆ పాత హార్డ్ డిస్కునే వాడండి. యు.ఎస్.బి. డబ్బా ఒకటి కొని దానిలో అమర్చండి. కొత్తది నెల రోజులు నడిచేవరకు పాతదానిలో ఒక్క ఫైలు కూడా చెరపవద్దు. డబ్బా మీద ప్లాస్టరు అంటించి, తీసిన తేదీ, ఎవరి లాప్‌టాప్‌దో బాల్‌పెన్నుతో వ్రాసి, పిల్లలకు అందని చోట, రిజిస్టరులు ఉంచే పెట్టెలో ఉంచండి.